కునుకువేళ అయిదు బెజ్జాలు

కిమిలియార్,
5 నవంబరు 1963, మంగళవారం.
ఉదయం ఆరింటికే ముప్పైరెండు డిగ్రీలు. ఉత్తరపు గాలి, దుమ్ము. నీళ్ళ తొట్టి కడిగి నింపాను.

విద్యుత్ సహకార సంఘం కార్యదర్శి కుమారి ఒతీలియా సయాగో గారికి, సభ్యుడు నెంబరు 87 ఫెర్మీన్ బర్రాసా మర్యాదగా రాసుకున్నది.

మీ నోటీసు నిన్న చేరింది. కునుకువేళలో, అంటే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా, నా షెడ్డు వైపు నుంచి ఏదో వచ్చి సభ్యుల రేడియోల్లో గరగర పుట్టిస్తోందని అందులో ఉంది. సంజాయిషీ ఇవ్వకపోతే కరెంటు తీసేస్తామని కూడా ఉంది. ఇస్తున్నాను.

నేను ఒక యంత్రం తయారుచేశాను. అది నిప్పురవ్వలతో ఉక్కుకి బెజ్జం పెడుతుంది. ఒక ఎనామెల్ బేసిన్, అందులో కిరసనాయిలు. కిరసనాయిల్లో మునిగి ఉక్కు ముక్క. దాని పైన రాగితీగ, గుర్రం తోక వెంట్రుకంత. తీగ ఉక్కుని తాకకూడదు, తాకీ తాకనట్టుండాలి. ఆ సందులో రవ్వ దూకుతుంది. దూకిన ప్రతిసారీ కంటికి ఆననంత ఉక్కు రాలుతుంది. పాత మైక్రోమీటరు మరని చేత్తో తిప్పుతూ తీగని దించుతాను. సుత్తి లేదు, ఆకురాయి లేదు, చప్పుడు లేదు. కునుకువేళ చప్పుడు చెయ్యకూడదన్న ఊరి శాసనాన్ని నేను మీరలేదు.

రాత్రి ఊరంతా దీపాలు వేసుకుంటే ఓల్టేజి నూటడెబ్భైకి పడిపోతుంది. మిగతా పగలంతా లారీలు తిరుగుతాయి, బల్ల అదురుతుంది, తీగ అంటుకుంటుంది. ఊరు నిద్రపోయే ఆ మూడు గంటలే నాకు పనికొస్తాయి.

బెజ్జాలు దేనికంటే, ఎల్ మిస్తోల్‌లో బావి నీళ్ళు తోడే డీజిలింజను నాజిల్ పగిలింది. కొత్తది బ్వేనోస్ ఐరెస్ నుంచి మార్చిలో వస్తుందట. అక్కడ ఇరవయ్యారు ఇళ్ళు. అక్టోబరు ఇరవై నుంచి మూడు కోసుల దూరం నుంచి కంచరగాడిద బండి మీద నీళ్ళు తెచ్చుకుంటున్నారు. నేను కొత్త నాజిల్ కొన చేశాను. దానికి అయిదు బెజ్జాలు కావాలి, ఒక్కొక్కటి మిల్లీమీటరులో మూడు పదో వంతులు. ఉక్కు గట్టిది, డ్రిల్ బిట్లు ఆరు విరిగాయి. యంత్రం మీద ఒక్కో బెజ్జానికి అయిదు కునుకువేళలు పడుతోంది. మొదటిది సగమైంది.

అంతవరకు కరెంటు తియ్యవద్దని మనవి. గరగర సరిగ్గా ఎన్నింటికి వస్తోందో తెలియజేస్తే ఆ సమయంలో యంత్రం ఆపుతాను.

విధేయుడు,
ఫెర్మీన్ బర్రాసా

తా.క. శాసనం మూడో నిబంధన ప్రకారం కునుకువేళ రేడియో పెట్టి కార్యక్రమాలు వినడం నేరం. సభ్యుల రేడియోల్లో గరగర వచ్చిందని మీ నోటీసు అంటోంది. ఎక్కడో పొరపాటు పడినట్టుంది. దిద్దుకోగలరు. ఊళ్ళో పెద్దమనుషుల మీద లేనిపోని అనుమానం వస్తుంది.

*

కిమిలియార్ విద్యుత్ సహకార సంఘం,
8 నవంబరు 1963.

మాన్యులు దోన్ ఫెర్మీన్ బర్రాసా గారికి, సంఘం తరపున క్షేమం కోరుతూ.

మీ లేఖను నిన్నటి కార్యవర్గ సమావేశంలో నేనే పైకి చదివాను. తాజాకలం దగ్గరకొచ్చేసరికి సభలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అధ్యక్షులు దోన్ నికానోర్ పెరాల్తా గారైతే పైకప్పుకేసి చూశారు. ఎనిమిదేళ్ళ కిందట ఆ శాసనం రాసింది ఆయనే అని మీకు తెలియనిది కాదు.

తర్వాత ఆయన నాచేత రాయించిన సవరణ ఇది: సభ్యులెవరూ రేడియో పెట్టలేదు. అందరూ గాఢనిద్రలో ఉన్నారు. రేడియోలు ఆపివేసి ఉన్నాయి. ఆపి ఉన్న రేడియోలే గరగరలాడాయి. ఆ సంగతి సభ్యులకు నిద్రలో తెలిసింది.

ఇక మీ యంత్రం. "కిరసనాయిలు" అన్న మాట దగ్గర కోశాధికారి, మందులషాపు దోన్ సెవేరో గారు కుర్చీ వెనక్కి జరిపారు. "నిప్పురవ్వలు" అన్న మాట దగ్గర లేచి నిలబడ్డారు.

"కిరసనాయిల్లో నిప్పురవ్వలా? ఆ మనిషికి మతి ఉందా?" అన్నారు.

"ఉంది, కానీ ఎవరితోనూ పంచుకోడు," అన్నారు అధ్యక్షులు. "పదేళ్ళలో నాతో నాలుగు మాటలు మాట్లాడాడు. అందులో రెండు 'ఊఁ'."

"ఊరు మొత్తం కాల్చిన మేకపిల్ల అయ్యాక మూడో 'ఊఁ' అంటాడు!"

కాబట్టి అగ్నిప్రమాదం గురించి మీ వివరణ వచ్చేదాకా సంఘం ఏ నిర్ణయమూ తీసుకోవడం లేదు. షెడ్డులో ఇసుక బకెట్లు పెట్టవలసిందిగా కోరుతున్నాం.

గౌరవంతో,
ఒతీలియా సయాగో, కార్యదర్శి

తా.క. సమయం అడిగారు. అందరూ నిద్రలో ఉన్నందువల్ల గడియారం ఎవరూ చూడలేదు. అయితే పదిహేడుమంది సభ్యులకి ఒకటే కల వస్తోందని తెలిసింది. రొసౌరా అనే ఒక దుఃఖితురాలు, ఒక కెప్టెను, తండ్రి ఎవరో తెలియని ఒక పసివాడు. మొన్న మంగళవారం ఆ కలలో రొసౌరా ఆ పసివాడి తండ్రి పేరు చెప్పడానికి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే గరగర. సభ్యులు ఏడుస్తూ నిద్ర లేచారు.

*

కిమిలియార్,
11 నవంబరు 1963, సోమవారం.
ముప్పైయెనిమిది. గాలి లేదు. పంపు తోలు వాషరు మార్చాను.

కుమారి ఒతీలియా సయాగో గారికి, ఫెర్మీన్ బర్రాసా వినయంగా.

అగ్నిప్రమాదం గురించి. రవ్వ పుట్టేది రెండు వేళ్ళ లోతు కిరసనాయిలు అడుగున. అక్కడ గాలి లేదు. గాలి లేనిచోట మంట లేదు. ఇసుక బకెట్లు రెండు పెట్టాను. ఒకదాంట్లో కోడి గుడ్లు పెడుతోంది, రెండోది వాడుకకు సిద్ధంగా ఉంది.

రెండో విషయం పెద్దది. ఆదివారమంతా దాని గురించే ఆలోచించాను.

ఆపి ఉన్న రేడియో గరగరలాడదు. నా యంత్రం వల్ల గరగర రావాలంటే రేడియో పెట్టి ఉండాలి. సభ్యులు పెట్టలేదని మీరు లిఖితపూర్వకంగా చెప్పారు. మీ మాట నమ్ముతున్నాను. అంటే దోషం నా యంత్రంలో లేదు, సంఘం లైనులో ఉంది. ఎక్కడో స్తంభం మీద పింగాణీ గుబ్బ పగిలి ఇళ్ళల్లోకి కరెంటు కారుతోంది. ఇది ప్రమాదం. స్నానం చేస్తూ ఎవరైనా గోడ తాకితే పోతారు. నిద్రపోయేవాళ్ళకి గరగర వినపడేంతగా కారుతోందంటే ఇనప మంచాలు ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

సభ్యుడు నెంబరు 87గా ఇందుమూలంగా ఫిర్యాదు చేస్తున్నాను. కునుకువేళలో లైను ఆపి, కల వచ్చిన పదిహేడు ఇళ్ళూ వెంటనే తనిఖీ చెయ్యాలి. ఆ ఇళ్ళ జాబితా పంపితే టెస్టు దీపం తీసుకుని నేనూ వస్తాను. కూలి అక్కర్లేదు.

నిన్న ఎల్ మిస్తోల్ నుంచి కొంపాద్రె తిబూర్సియో నీళ్ళబండితో వచ్చాడు. అతని కూతురికి నేను జ్ఞానతండ్రిని.

"ఎన్నయ్యాయి కొంపాద్రె?" అన్నాడు.

"ఒకటిన్నర."

"పది రోజులకి ఒకటిన్నరా! మా ఊరి దోమకి ఈ పని ఇచ్చుంటే ఈపాటికి అయిదూ పొడిచి, నాజిల్‌కి జ్వరం కూడా తెప్పించేది."

ఊరి సంగతి అతనే చెప్పాడు. ఒకే బకెట్టు నీళ్ళతో ముందు పిల్లలకి స్నానం, అవే నీళ్ళతో బట్టలు, ఆ మిగిలినవి ఉల్లిమడికి. మూడోసారికి ఆ నీళ్ళని ఉల్లిపాయలు కూడా వద్దంటున్నాయట.

ఇట్లు,
ఫెర్మీన్ బర్రాసా

తా.క. పదిహేడుమందికి ఒకే కల రావడం విద్యుత్తుకి సంబంధించిన విషయం కాదు. దాని గురించి ఫాదిరీ గారిని అడగండి.

*

కిమిలియార్ విద్యుత్ సహకార సంఘం,
15 నవంబరు 1963.

మాన్యులు దోన్ ఫెర్మీన్ గారికి, కార్యదర్శి రాయునది.

మీ ఫిర్యాదుతో సంఘం ఎంత ఇరకాటంలో పడిందో చెప్పలేను. నిజానికి చెప్పకూడదు కూడా, కానీ చెప్తాను.

లైనులో దోషం లేదని అధ్యక్షులు తోసిపుచ్చితే, రేడియోలు పెట్టి ఉన్నాయని ఒప్పుకున్నట్టు. ఉందని ఒప్పుకుంటే లైను ఆపాలి. సమావేశం మూడు గంటలు సాగింది. మాతె కషాయం తాగీ తాగీ ఆకు రుచి పోయింది.

"ఆ బర్రాసా మనల్ని ఆటపట్టిస్తున్నాడు," అన్నారు దోన్ సెవేరో.

"వాడికి ఆట రాదు," అన్నారు అధ్యక్షులు. "అదే మన ఖర్మ. వాడు మన మాట నమ్మాడు."

చివరికి తీర్మానం: పద్ధెనిమిది, పందొమ్మిది, ఇరవై తేదీల్లో కునుకువేళ లైను ఆపి తనిఖీ చెయ్యాలి. తనిఖీ బృందంలో అధ్యక్షులు, కోశాధికారి, నేను. కునుకువేళ మేలుకుని వీధిలో తిరగడానికి పురపాలక సంఘం నుంచి ముగ్గురికీ అనుమతిపత్రాలు తీసుకున్నాం. నా పత్రంలో "అవివాహిత, సత్ప్రవర్తన గలది, గొడుగుతో" అని రాశారు.

ఆ మూడు రోజులూ మీ షెడ్డుకీ కరెంటు ఉండదు. నీళ్ళ సంగతి చదివాక ఈ వాక్యం రాయడం నాకు కష్టంగా ఉంది.

గౌరవంతో,
ఒతీలియా సయాగో

తా.క. మీ పక్కింటి దోన్యా క్లెమెంతీనా ఆఫీసుకొచ్చి చెప్పింది. మీరు నీలి వెలుగులో, ఒక కన్ను మూసుకుని, బేసిన్ ముందు కూర్చుని పెదవులు కదుపుతున్నారట. కిరసనాయిలుకి జపం చేస్తున్నారా అని అడుగుతోంది. "కునుకువేళ మీరెలా చూశారమ్మా?" అన్నాను. "నిద్రలో నడిచే అలవాటుందిలే తల్లీ, గోడ ఎక్కే అలవాటు కూడా ఉంది," అంది.

*

కిమిలియార్,
20 నవంబరు 1963, బుధవారం.
నలభై. ఆకాశంలో మబ్బు ముక్క లేదు. లారీ బ్యాటరీలకి స్వేదనజలం పోశాను.

కుమారి ఒతీలియా గారికి, ఫెర్మీన్ బర్రాసా.

జపం కాదు. లెక్క పెడుతున్నాను. మర ఎన్ని గీతలు తిప్పానో పెదవులతో లెక్కపెడితేనే గుర్తుంటుంది.

మీరు లైను ఆపిన మూడు రోజులూ నేను ఖాళీగా లేను. కునుకువేళ లారీలు కూడా నిద్రపోతాయి కనుక, వాటి యజమానుల్ని అడిగి ఎనిమిది బ్యాటరీలు తెచ్చుకుని వరసగా కలిపాను. తొంభయ్యారు ఓల్టులు, నిలకడగా. మూడో బెజ్జం పూర్తయింది. మొదటి రెండింటికంటే బాగా వచ్చింది.

దీనివల్ల ఒక పరీక్ష కూడా చెయ్యగలిగాను. నా షెల్ఫులో బాగుచెయ్యమని ఎవరో ఇచ్చి మరిచిపోయిన సెల్లు రేడియో ఒకటుంది. పరీక్ష కోసం అది పెట్టాను. స్టేషను పెట్టలేదు. రెండు స్టేషన్ల మధ్య ఖాళీ చోట ముల్లు నిలిపాను. మూడో నిబంధన కార్యక్రమాలు వినడం గురించే చెప్తుంది. ఏమీ లేనిది వినడం గురించి చెప్పదు. అయినా నేరమనుకుంటే శిక్షకి సిద్ధం.

ఫలితం: లైను ఆగి ఉంది, యంత్రం నడుస్తోంది, గరగర ఉంది. యంత్రం ఆపితే గరగర లేదు. మూడు రోజులు, పన్నెండు సార్లు చూశాను.

కాబట్టి దోషం లైనుది కాదు. నాదే. నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. సంఘాన్ని ఎండలో నడిపించినందుకు క్షమించండి. ఆపి ఉన్న రేడియోలు ఎలా మోగాయో మాత్రం నాకు తెలియదు. కొలిచిందే చెప్పగలను.

ఇంక రెండు బెజ్జాలున్నాయి.

ఇట్లు,
ఫెర్మీన్ బర్రాసా

తా.క. సమయం ఇంకా తెలియజేయలేదు.

*

కిమిలియార్ విద్యుత్ సహకార సంఘం,
22 నవంబరు 1963.

మాన్యులు దోన్ ఫెర్మీన్ బర్రాసా గారికి.

సంఘం తీర్మానం నెంబరు 19: సభ్యుడు నెంబరు 87 తన దోషాన్ని స్వహస్తంతో అంగీకరించినందున, ఈ నెల 26 మంగళవారం నుంచి ఆయన షెడ్డుకి విద్యుత్ సరఫరా నిలిపివేయడమైనది.

తీర్మానం అంతే. కింద రాసేది నా సొంతం.

అయ్యా, మీరెందుకు ఒప్పుకున్నారు? తనిఖీలో ఏం జరిగిందో మీకు తెలిస్తే ఒప్పుకునేవారు కాదు.

మొదటి ఇల్లు దోన్ సెవేరో గారిదే. లైను ఆగి ఉంది. పడకగదిలో బీరువా లోంచి ఎవరో, "రొసౌరా, నన్ను క్షమించు!" అన్నారు.

"ఎవరది?" అన్నారు అధ్యక్షులు.

"మా ఆవిడ. నిద్రలో మాట్లాడుతుంది."

"మగ గొంతుతోనా?"

"జలుబు చేసింది."

అక్కణ్ణించి వీధిలో పడ్డాం. లైను ఆగుతుందని తెలిసి ఊరంతా సెల్లు రేడియోలు సమకూర్చుకున్నట్టున్నారు. ప్రతి కిటికీలోంచీ అదే గొంతు. ఆరు వీధులు నడిచాం, ఒక్క మాట తప్పిపోలేదు. ఒక కిటికీ దగ్గర కెప్టెను కత్తి దూశాడు, మలుపు తిరిగేసరికి తర్వాతి కిటికీలో గాయపడ్డాడు, మూలనున్న రొట్టెల కొట్టు దగ్గర ఆయనకి కట్టు కట్టారు. మేం ముగ్గురం దేని గురించీ ఏమీ అనుకోలేదు. మీ వీధిలోకి తిరిగామో లేదో, గరగర!

"ఈ బర్రాసా! సరిగ్గా కెప్టెను నోరు తెరిచే సమయానికి...!" అని అరిచి, అధ్యక్షులు నాలిక కరుచుకున్నారు. నిజంగానే. దోన్ సెవేరో గారు దూది పెట్టారు.

ఆ కోపమే ఈ తీర్మానం.

ఒతీలియా సయాగో

తా.క. నా నివేదికలో "లైను నిశ్శబ్దంగా ఉన్నది" అని రాశాను. లైను నిశ్శబ్దంగానే ఉంది.

*

కిమిలియార్,
24 నవంబరు 1963, ఆదివారం.
నలభై ఒకటి. కోళ్ళగూడు తీగవల ఊడదీశాను.

కుమారి ఒతీలియా గారికి.

తీర్మానం చేరింది. నిజం కనుక ఒప్పుకున్నాను.

కోళ్ళగూడు వలని యంత్రం చుట్టూ కట్టి, భూమిలోకి ఇనప కడ్డీ దిగ్గొట్టి దానికి కలిపాను. మూడు కునుకువేళలు దీనికే పోయాయి. గరగర మూడో వంతుకి తగ్గింది. పూర్తిగా పోలేదు. కోళ్ళు బయట తిరుగుతున్నాయి.

బ్యాటరీలు మళ్ళీ దొరకవు. లారీలు పుచ్చకాయల రవాణాకి వెళ్ళాయి. కరెంటు ఉంటే పది కునుకువేళల పని. లేకపోతే మార్చి.

ఎల్ మిస్తోల్ బండి లాగే కంచరగాడిద గురువారం చచ్చిపోయింది. ఇప్పుడు బండి మనుషులే లాగుతున్నారు. ఎవరు లాగుతున్నారని అడిగితే తిబూర్సియో, "పొద్దున ఆడవాళ్ళు, సాయంత్రం మేము. గాడిదే నయం కొంపాద్రె, అది దారిలో రాజకీయాలు మాట్లాడేది కాదు," అన్నాడు. ఆ మాటకి అతను నవ్వలేదు.

ఈ ఊళ్ళో అందరికీ తెలిసి నాకు చెప్పని సంగతి ఏదో ఉంది. ఊహించగలను. కానీ నేను ఊహ మీద పనిచెయ్యను. నేనే రేడియో పెట్టి కనుక్కోవడం నేరం. అందుకని మూడోసారి అడుగుతున్నాను. ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు? రెండు అంకెలు చాలు.

ఫెర్మీన్ బర్రాసా

తా.క. లేదు.

*

26 నవంబరు 1963.
(ఇది సంఘం కాగితం కాదు. మా ఇంటి కాగితం.)

దోన్ ఫెర్మీన్ గారికి, ఒతీలియా సయాగో, తన పేరుతో తాను.

రెండున్నర నుంచి మూడు దాకా. సోమవారం నుంచి శనివారం దాకా.

ఆ నాటకం ఆరేళ్ళుగా వింటున్నాను. శబ్దం బయటికి రాకుండా దుప్పటి కప్పుకుని వింటాను. నలభై డిగ్రీల ఎండలో ఉన్ని దుప్పటి. కునుకువేళ తర్వాత ఎర్రబడ్డ మొహంతో ఆఫీసుకొస్తే, "ఎంత గాఢంగా నిద్రపోయిందో పాపం" అని అందరూ అనుకునేవారు.

మీ "తా.క. లేదు" చదివి, సంఘం నిబంధనల పుస్తకం తీశాను. సరఫరా ఆపాలంటే పేరు పెట్టి సంతకం చేసిన ఫిర్యాదు ఉండాలి. పదిహేడుమందిలో ఒక్కరూ సంతకం పెట్టలేదు. ఎలా పెడతారు, నిద్రపోతున్నారు కదా! నిన్న సాయంత్రం సమావేశంలో లేచి నిలబడి, "ఫిర్యాదు నాది," అన్నాను. సంతకం పెట్టాను.

అధ్యక్షులు కళ్ళద్దాలు తీశారు. "కుమారీ, అంటే... కునుకువేళ మీరు మేలుకుని ఉంటున్నారా?"

"ఆరేళ్ళుగా."

"రేడియో పెట్టుకుని?"

"పెట్టుకుని. శాసనం ప్రకారం ఏం చెయ్యాలో చెయ్యండి. ఉద్యోగం తీసేస్తానంటే తాళాలు ఇవిగో. కానీ ముందు ఇది చదవండి." ఫిర్యాదు ఉపసంహరణ పత్రం బల్ల మీద పెట్టాను. ఫిర్యాదుదారు నేనే, తృప్తిపడింది నేనే. ఇంక మీ కరెంటు తియ్యడానికి సంఘానికి ఆధారం లేదు.

తాళాలు ఎవరూ ముట్టుకోలేదు. ఆఖరికి దోన్ సెవేరో గారు గొంతు సవరించుకున్నారు.

"కుమారీ... ఆ మంగళవారం... తండ్రి పేరు మీకు వినపడిందా?"

"లేదు. గరగర."

ముగ్గురమూ ఒకేసారి నిట్టూర్చాం. "నాకూ..." అని మొదలుపెట్టి అధ్యక్షులు దగ్గారు. "నాకూ నిద్రలో అలాగే అనిపించింది," అని ముగించి, తీర్మానం నెంబరు 19 చింపేశారు.

మీరు నీళ్ళు తెప్పించండి.

ఒతీలియా

తా.క. దయచేసి రెండూ ఇరవైయెనిమిదికే ఆపండి. మొదట్లో వచ్చే వయొలిన్ వినకపోతే ఏడుపు సరిగ్గా రాదు.

*

కిమిలియార్,
9 డిసెంబరు 1963, సోమవారం. మధ్యాహ్నం రెండుంబావు.
ముప్పైయేడు. తెల్లవారుజామున పన్నెండు మిల్లీమీటర్ల వాన. కోళ్ళగూడుకి కొత్త వల కట్టాను.

కుమారి ఒతీలియా గారికి, ఫెర్మీన్.

అయిదో బెజ్జం గురువారం రెండుంబావుకి దిగింది. అయిదింటిలోనూ సూది ఒక్కలా దూరుతోంది.

శనివారం ఎల్ మిస్తోల్ వెళ్ళి నాజిల్ బిగించాను. ఇంజను నాలుగోసారికి అందుకుంది. పదకొండూ ఇరవైకి నీళ్ళు వచ్చాయి. ముందు బురద, తర్వాత తుప్పు, తర్వాత నీళ్ళు. జనం బకెట్లు తేలేదు. గొట్టం కింద ఊరికే నిలబడ్డారు. నా జ్ఞానపుత్రిక బట్టలతోనే వెళ్ళి కూర్చుంది, ఎవరు పిలిచినా లేవలేదు.

"కొంపాద్రె," అన్నాడు తిబూర్సియో, "అయిదు బెజ్జాలకి నెల పట్టించావు. నా ముసలి మేక చూడు, తొట్టెడు నీళ్ళు నిమిషంలో లాగించింది. దానికి యంత్రం కూడా లేదు."

తర్వాత నా భుజం పట్టుకున్నాడు. మేకపిల్లని కాల్చారు. తిన్నాను.

మీరు తాళాలు బల్ల మీద పెట్టిన సంగతి వాళ్ళకి చెప్పాను. సాధారణంగా నేను ఇలాంటివి చెప్పను.

ఇప్పుడు ఒక ఫిర్యాదు ఉంది. మీరు సమయం చెప్పినప్పటి నుంచి రోజూ రెండూ ఇరవైయెనిమిదికి యంత్రం ఆపుతున్నాను. అరగంట పనిలేదు. వల సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలియాలంటే ఖాళీ చోట కాదు, తెలిసిన శబ్దం మీద కొలవాలి. అందుకని రేడియోకి కొత్త సెల్లు వేసి స్టేషను పెట్టాను. కొలత కోసం. పది రోజులు కొలిచాను. అయిదో రోజుకే కొలత అయిపోయింది.

కెప్టెను మంచివాడు కాదు. మొదట్లో నేను పొరబడ్డాను.

విషయానికొస్తాను. గురువారం నుంచి రెండూ నలభైకి కొత్త గరగర వస్తోంది. నాది కాదు, నా యంత్రం ఆగి ఉంది. దిశ చూశాను. దోన్ నికానోర్ పెరాల్తా గారి కొత్త కరెంటు పంకా. వినేటప్పుడు ఉక్కపోస్తుంది కనుక వేసుకుంటున్నారనుకుంటాను, బహుశా దుప్పటి వల్ల. సభ్యుడు నెంబరు 87గా పేరు పెట్టి, సంతకం చేసి ఫిర్యాదు ఇస్తున్నాను. ఆపి ఉన్న రేడియోలో కాదు. పెట్టి ఉన్న రేడియోలో.

మొన్న శుక్రవారం రొసౌరా పసివాడి తండ్రి పేరు మళ్ళీ చెప్పింది. మీ ఇల్లు అధ్యక్షుల ఇంటి పక్కనే కనుక పంకా వల్ల మీకు అందలేదనుకుంటాను. ఊళ్ళో ఇంకెవరిని అడిగినా నిద్రపోయామంటారు. నాకు స్పష్టంగా వినపడింది. ఉత్తరంలో రాయను. సంఘానికి వచ్చిన ఉత్తరాలు పైకి చదువుతారు. నోటితో చెప్పగలను.

ఇక్కడ గరగర లేదు. వల లోపలికి పంకా శబ్దం రాదు, రేడియోని లోపలే పెట్టి ఏరియల్ తీగ మాత్రం బయటికి తీశాను. దుప్పటి అవసరం ఉండదు, గోడలు మందం. దోన్యా క్లెమెంతీనా గోడ ఎక్కితే ఎక్కనివ్వండి. షెడ్డులో రెండు స్టూళ్ళున్నాయి. రెండోదానిమీద ఇన్నాళ్ళూ ఎవరూ కూర్చోలేదు, దాని ఒక కాలు పొట్టి. వేలెడు మందం చెక్క కోసి ఉంచాను, ఈ పూట దాన్ని ఆ కాలికి బిగిస్తాను, రేపు రెండూ ఇరవైయెనిమిదికి తలుపు తీసి ఉంటుంది.

ఫెర్మీన్